కార్డు మీద 'ఏ ప్లస్' ఎవరి కోసం?

మీ ప్రశ్న నాకెలా అర్థమైందో ముందు చెప్తాను. జార్జియా రాష్ట్రం ఫోర్సైత్ కౌంటీలోని కమింగ్‌లో ఉంటున్నారు, పోయిన ఏడాది సిటిజన్‌షిప్ వచ్చింది, ఇది మీ మొదటి ఓటు. ఒకే వారంలో మెయిల్‌బాక్సులో రెండు ప్రచార కార్డులు పడ్డాయి. ఒకదాంట్లో అభ్యర్థి తనకు తుపాకీ హక్కుల కోసం పోరాడే నేషనల్ రైఫిల్ అసోసియేషన్, అంటే ఎన్‌ఆర్‌ఏ 'ఏ ప్లస్' గ్రేడు ఇచ్చిందని గొప్పగా వేసుకున్నాడు. రెండోది అదే మనిషిని 'గన్ లాబీకి అమ్ముడుపోయాడు' అని తిట్టింది. అమ్ముడుపోయినవాడికి ఓటెలా వెయ్యాలి, అసలు ఈ గ్రేడు చూసి ఓటేసేవాళ్లు ఉంటారా అని అడిగారు.

ఉంటారు. వాళ్ల వల్లే ఈ కథంతా నడుస్తోంది. నేను అట్లాంటా ఉత్తరపు శివార్లలో పాతికేళ్ల పైనుంచి ఉంటున్నాను. ఒకసారి ఈ పార్టీకి, ఒకసారి ఆ పార్టీకి తలుపులు తట్టి ప్రచారం చేశాను. నాకు తెలిసింది చెప్తాను.

ముందు 'అమ్ముడుపోవడం' సంగతి. కాంగ్రెస్ ఎన్నికల్లో ఏ సంస్థ పొలిటికల్ కమిటీ అయినా ఒక అభ్యర్థికి నేరుగా ఇవ్వగలిగేది ఎన్నికకు 5,000 డాలర్లు. ప్రైమరీకి, అంటే పార్టీ తన అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికకు, ఒక ఐదు, నవంబరుకు ఒక ఐదు, మొత్తం 10,000. అప్పట్లో మన పక్కనే ఉన్న ఆరో కాంగ్రెస్ జిల్లాలో 2017లో జరిగిన ఉప ఎన్నికకు అన్ని వైపులా కలిపి 5 కోట్ల డాలర్ల పైనే ఖర్చయింది. అందులో ఈ పదివేలు ఏ మూలకి? అసలు డబ్బు అభ్యర్థి చేతికి రాదు. సంస్థే సొంతంగా టీవీ యాడ్లు, కార్డులు, ఫోన్ల మీద ఖర్చు పెడుతుంది. 2016లో ట్రంప్ గెలుపు కోసం ఎన్‌ఆర్‌ఏ అలా 3 కోట్ల డాలర్లకు పైగా పెట్టింది. అది పెద్ద మొత్తమే, కాదనను. కానీ ఒక్కటి గమనించండి: ఆ డబ్బు చాలావరకు ముందునుంచీ తమ వైపు ఉన్నవాళ్లకే పోతుంది. మనసు మార్చడానికి ఇచ్చే లంచం కాదది. మన మనిషి ఓడిపోకుండా చూసుకోవడానికి పెట్టే ఖర్చు.

మరి మనసు మార్చేది ఏమిటి? భయం. అదీ నవంబరు భయం కాదు, ప్రైమరీ భయం.

2022 మే నెలలో న్యూయార్క్ రాష్ట్రం బఫలోలో ఒక సూపర్‌మార్కెట్‌లో కాల్పులు జరిగి పదిమంది చనిపోయారు. అక్కడి రిపబ్లికన్ కాంగ్రెస్ సభ్యుడు క్రిస్ జేకబ్స్ మే 27న, ఇలాంటి సెమీ ఆటోమేటిక్ రైఫిళ్ల మీద నిషేధం బిల్లు వస్తే ఓటేస్తానని ప్రకటించారు. జూన్ 3న తాను మళ్లీ పోటీ చెయ్యడం లేదని ప్రకటించారు. సరిగ్గా వారం. ఈలోపు ఏ కోటి డాలర్ల యాడూ నడవలేదు. సొంత పార్టీ స్థానిక నాయకులు మొహం చాటేశారు, ప్రైమరీలో తనకు వ్యతిరేకంగా మనుషులు లేస్తారని ఆయనకు తెలిసిపోయింది, అంతే.

టెక్సస్‌లో టోనీ గొంజాలెస్‌ది ఇంకా దగ్గరగా చూడాల్సిన కథ. 2022 మే 24న 19 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు చనిపోయిన యువాల్డీ ఆయన జిల్లాలోనే ఉంది. తర్వాతి నెలలో రెండు పార్టీలూ కలిసి తెచ్చిన తుపాకుల చట్టానికి ఆయన అవునని ఓటేశారు. దిగువసభలో టెక్సస్ రిపబ్లికన్లలో అలా ఓటేసింది ఆయనొక్కరే. అదేమీ తుపాకులు లాక్కునే చట్టం కాదు. 21 ఏళ్ల లోపువాళ్లు కొనేటప్పుడు బ్యాక్‌గ్రౌండ్ చెక్ ఇంకాస్త గట్టిగా చెయ్యడం, మానసిక ఆరోగ్యానికి నిధులు, అలాంటివి. అయినా 2023లో రాష్ట్ర పార్టీ ఆయన్ను అభిశంసించింది. 2024 ప్రైమరీలో తుపాకుల వీడియోలు చేసే ఒక యూట్యూబర్ ఆయన మీద నిలబడ్డాడు. రనాఫ్ దాకా, అంటే మొదటి ఇద్దరి మధ్య జరిగే రెండో విడత దాకా వెళ్లి, 400 ఓట్లకు అటూఇటుగా తేడాతో బయటపడ్డారు. తన ఊళ్లో పిల్లలు చనిపోయిన నెలకు వేసిన ఓటుకు ఒక సభ్యుడు చెల్లించిన ధర అది. మిగతా సభ్యులు దాన్ని చూస్తూ ఉంటారు కదా.

ఇక్కడ మనవాళ్లు పొరపాటు పడే చోటు ఒకటుంది. బ్యాక్‌గ్రౌండ్ చెక్ లాంటివాటికి సర్వేల్లో 85 శాతం పైనే మద్దతు ఉంటుంది, తుపాకులున్నవాళ్లలోనూ ఎక్కువమందే ఒప్పుకుంటారు. అయినా చట్టం రాదంటే డబ్బే కారణం అయ్యుండాలి అనుకుంటాం. 2013 ఏప్రిల్‌లో సెనేట్‌లో ఆ చెక్‌లను విస్తరించే ప్రతిపాదనకు 54 ఓట్లు వచ్చాయి, కావాల్సినవి 60. శాండీ హుక్ బడిలో 20 మంది చిన్నపిల్లలు చనిపోయి అప్పటికి నాలుగు నెలలు. వ్యతిరేకంగా ఓటేసినవాళ్లలో అలాస్కా, ఆర్కన్సా, మోంటానా, నార్త్ డకోటాల డెమొక్రాట్లు కూడా ఉన్నారు. సర్వేలో 'అవును' అన్నవాడు మర్నాడు ఆ మాట మర్చిపోతాడు. 'కాదు' అన్నవాడు రెండేళ్లయినా గుర్తుపెట్టుకుని వచ్చి ఓటేస్తాడు. ఆంధ్రలో సీపీఎస్ పెన్షన్ పథకం రద్దు గురించి ఉద్యోగులు ఎలా పట్టుబట్టారో గుర్తుచేసుకోండి. రాష్ట్రంలో వాళ్లు ఎంత శాతం? అయినా ఏ పార్టీ మేనిఫెస్టో రాసేవాడైనా వాళ్లను దాటి పోలేడు. ఇదీ అలాంటి లెక్కే.

నేను కళ్లారా చూసింది ఒకటి చెప్తాను. 2018 శరదృతువులో ఆల్ఫరెటాలో ఒక వీధి నాకు ఇచ్చారు. ఒక గరాజ్ తలుపు తెరిచి ఉంది, లోపల ఒక పెద్దాయన బోటు ఇంజను విప్పుకుంటున్నాడు. నేను కాగితం ఇవ్వబోతే చేతులు నూనెగా ఉన్నాయని ఫ్రిజ్ వైపు చూపించాడు, అక్కడ పెట్టి వెళ్లమని. ఆ గరాజ్ ఫ్రిజ్ తలుపుకి అయస్కాంతంతో ఒక పత్రిక అట్ట అంటించి ఉంది. ఎన్‌ఆర్‌ఏ తన సభ్యులకు పంపే పత్రిక, ఎన్నికల ముందు దాని అట్ట మీద ఆ ప్రాంతపు అభ్యర్థుల పేర్లే వేసి పంపుతారు. బ్యాక్‌గ్రౌండ్ చెక్ గురించి ఏమంటారని అడిగాను. "పెట్టుకోనీ, నాకేం అభ్యంతరం లేదు" అన్నాడు. మరి ఈ జాబితా? "ఇవాళ అది ఒప్పుకున్నవాడు రేపు ఇంకోటి ఒప్పుకుంటాడు" అన్నాడు. మే నెల ప్రైమరీలో ఓటేశాడు, జులై రనాఫ్‌లో ఓటేశాడు, నవంబరు కోసం ఎదురు చూస్తున్నాడు. అక్కడినుంచి నాలుగిళ్లవతల మన తెలుగావిడ. బళ్లో లాక్‌డౌన్ డ్రిల్, అంటే కాల్పులు జరిగితే ఎలా దాక్కోవాలో నేర్పే సాధన, చేసిన రోజు కొడుకు రాత్రంతా నిద్రపోలేదని చెప్తూ కళ్లనీళ్లు పెట్టుకుంది. తుపాకుల మీద ఆమె అభిప్రాయంలో ఏ సందేహమూ లేదు. వెళ్లబోతుంటే అడిగింది, "ఇంతకీ ఎలక్షన్ ఎప్పుడండీ?"

ఆ ఇద్దరిలో ఎవరి మాట రాజకీయ నాయకుడు ముందు వింటాడో నేను చెప్పక్కర్లేదు.

ఇక గ్రేడు ఎలా ఇస్తారో. ఎన్‌ఆర్‌ఏ 1871లో న్యూయార్క్‌లో పుట్టింది, సైనికులకు గురి నేర్పే సంఘంగా. వందేళ్లపాటు అది ప్రధానంగా షూటింగ్ పోటీల సంస్థే. 1977లో సిన్సినాటి మహాసభలో పాత నాయకత్వాన్ని సభ్యులే రాత్రికి రాత్రి దించేశాక రాజకీయ సంస్థగా స్థిరపడింది. అభ్యర్థులకు ఒక ప్రశ్నావళి పంపుతారు. సభలో ఓట్ల చరిత్ర ఉంటే దాన్ని చూస్తారు. ఏ నుంచి ఎఫ్ దాకా గ్రేడు. ఇందులో రెండు గుర్తులు మీలాంటి కొత్త ఓటరు తప్పక చూడాలి. 'ఏ' పక్కన 'క్యూ' ఉంటే, ఆ మనిషికి ఓట్ల చరిత్ర లేదు, ప్రశ్నావళిలో వాళ్లకు నచ్చిన జవాబులు రాశాడు అని మాత్రమే అర్థం. ప్రశ్నార్థకం ఉంటే, ప్రశ్నావళి తిప్పి పంపలేదని. జవాబు చెప్పకపోవడాన్నే వాళ్లు అనుమానంగా చూస్తారు. కొత్త అభ్యర్థి మీద ఒత్తిడి పుట్టేది అక్కడే. ఇంకా ఒక్క ఓటూ వెయ్యకముందే, ఏ రూపాయీ చేతులు మారకముందే, రాతపూర్వకంగా మాటిచ్చేశాడు. తర్వాత వెనక్కి తగ్గితే ఆ కాగితమే సాక్ష్యం.

అలాగని గ్రేడు రాతిమీద చెక్కినది కాదు. నియోజకవర్గం మారితే గ్రేడూ మారుతుంది. కిర్‌స్టెన్ జిల్లిబ్రాండ్ న్యూయార్క్ పల్లె జిల్లాకు ప్రతినిధిగా ఉన్నప్పుడు 'ఏ' తెచ్చుకున్నారు. 2009లో రాష్ట్రం మొత్తానికి సెనేటర్ అయ్యాక కాస్త కాలానికే 'ఎఫ్'కు దిగారు. మిన్నెసోటా టిమ్ వాల్జ్‌దీ అదే దారి. 'ఏ' గ్రేడుతో కాంగ్రెస్‌లో కూర్చుని, గవర్నర్ పదవికి పోటీ చేసేనాటికి వాళ్ల డబ్బు దానం చేసి 'ఎఫ్' తీసుకున్నారు. దీన్ని అవకాశవాదం అంటారా, ఓటర్ల మాట వినడం అంటారా, మీ ఇష్టం. నా మటుకు నాకు రెండూ కలిసే ఉంటాయి.

ఇప్పుడు మన జార్జియాకే వద్దాం, ఎందుకంటే లాబీ మద్దతుకు హద్దు ఎక్కడుందో ఇక్కడ చూసినంత బాగా ఇంకెక్కడా కనబడదు. 2018 ఫిబ్రవరిలో ఫ్లోరిడా పార్క్‌ల్యాండ్ బడిలో కాల్పుల తర్వాత డెల్టా ఎయిర్‌లైన్స్ ఎన్‌ఆర్‌ఏ సభ్యులకిచ్చే డిస్కౌంటు తీసేసింది. ఆ డిస్కౌంటు మీద అమ్ముడైన టికెట్లు ఎన్నో తెలుసా? పదమూడు. ఆ పదమూడు టికెట్ల కోసం అప్పటి లెఫ్టినెంట్ గవర్నర్ కేసీ కేగిల్, ఆ డిస్కౌంటు తిరిగి ఇవ్వకపోతే డెల్టాకు రావాల్సిన విమాన ఇంధన పన్ను రాయితీని అడ్డుకుంటానన్నారు. అన్నంతపనీ అయింది. రాయితీ విలువ ఏడాదికి 4 కోట్ల డాలర్ల దాకా. కేగిల్ అప్పుడు గవర్నర్ పదవికి రిపబ్లికన్ ప్రైమరీలో ఉన్నారు. ఎన్‌ఆర్‌ఏ ఆయన్నే బలపరిచింది. అవతల బ్రయన్ కెంప్ ఒడిలో షాట్‌గన్ పెట్టుకుని, తన కూతురితో తిరుగుతానన్న కుర్రాడిని పక్కన కూచోబెట్టుకున్న యాడ్ ఒకటి వేశారు, దేశమంతా చూసింది. జులై రనాఫ్‌కు వారం ముందు ట్రంప్ కెంప్ వైపు నిలిచారు. కెంప్‌కు 69 శాతం, కేగిల్‌కు 31. లాబీ బలపరిచినవాడు చిత్తుగా ఓడాడు, కానీ తుపాకీ ఓడలేదు చూడండి. ఇద్దరిలో ఎవరు గెలిచినా వాళ్లకు నష్టం లేని పోటీ అది. 2022లో లైసెన్సు లేకుండానే తుపాకీ పెట్టుకు తిరగొచ్చన్న చట్టం మీద సంతకం పెట్టింది ఆ కెంపే.

దీనికి ఇంకోవైపు జాన్ బారో. తూర్పు జార్జియాలో ఓగస్టా వైపు గ్రామీణ జిల్లా నుంచి గెలుస్తూ వచ్చిన డెమొక్రాట్. 2012లో తాతగారి రివాల్వర్, నాన్నగారి రైఫిల్ చేత్తో పట్టుకుని యాడ్ చేశారు, ఎన్‌ఆర్‌ఏ మద్దతుతో గట్టెక్కారు. తుపాకుల మీద ఆయన మాట మారలేదు. 2014లో అయినా ఓడిపోయారు. అప్పటికి ఓటరు పార్టీ గుర్తు చూడటం మొదలుపెట్టాడు, గ్రేడు ఒక్కటే కాపాడలేకపోయింది. ఈ మార్పు దేశమంతా జరిగింది. ఒకప్పుడు రెండు పార్టీల్లోనూ 'ఏ'లూ 'ఎఫ్'లూ ఉండేవి కాబట్టి గ్రేడు కొత్త సంగతి చెప్పేది. 1990లో వెర్మాంట్‌లో రైఫిళ్ల నిషేధం వైపు మాట్లాడిన రిపబ్లికన్ మీద కోపంతో లాబీ పనిచేస్తే, లాభపడి కాంగ్రెస్‌కు వెళ్లింది ఎవరనుకున్నారు, బెర్నీ శాండర్స్! ఇవాళ అభ్యర్థి పేరు పక్కన 'ఆర్' అనో 'డి' అనో ఉంటే నవంబరులో గ్రేడు దాదాపు చూడక్కర్లేదు. అది పనిచేసేది ఒకే పార్టీలో ఇద్దరు కొట్టుకునే చోట.

అవతలి లాబీ సంగతి కూడా దాచకూడదు. మీకొచ్చిన రెండో కార్డు ఎవరు పంపారో అడుగున సన్నక్షరాల్లో ఉంటుంది, చూడండి. న్యూయార్క్ మాజీ మేయర్ బ్లూంబర్గ్ డబ్బుతో పెరిగిన, తుపాకుల మీద నియంత్రణ కోరే ఎవ్రీటౌన్ లాంటి సంస్థలు 2018 కాంగ్రెస్ ఎన్నికల్లో ఎన్‌ఆర్‌ఏ కంటే ఎక్కువే ఖర్చు పెట్టాయి. 2019లో వర్జీనియా రాష్ట్ర ఎన్నికల్లో ఎవ్రీటౌన్ ఒక్కటే దాదాపు 25 లక్షల డాలర్లు దించింది. ఎన్‌ఆర్‌ఏ ప్రధాన కార్యాలయం ఉన్న రాష్ట్రంలోనే డెమొక్రాట్లు రెండు సభలూ గెలిచారు. వాళ్లూ అభ్యర్థులకు ప్రశ్నావళి పంపుతారు, వాళ్లూ ఒక ముద్ర వేస్తారు. అయినా ఒక్క డబ్బుతో పని జరగదని వాళ్లకు ముందే తెలిసొచ్చింది. 2013లో కొలరాడోలో మ్యాగజైన్‌లో 15 తూటాలే ఉండాలని చట్టం చేసినందుకు తుపాకుల వైపువాళ్లు ఇద్దరు రాష్ట్ర సెనేటర్ల మీద రీకాల్ ఎన్నిక, అంటే పదవీకాలం మధ్యలోనే దించేయాలా అన్న ఓటు, పెట్టించారు. ఒకాయన సెనేట్ అధ్యక్షుడు జాన్ మోర్స్. ఆయన్ను కాపాడే వైపే డబ్బు చాలా ఎక్కువ ఖర్చయింది, బ్లూంబర్గ్ ఒక్కరే మూడున్నర లక్షలు ఇచ్చారు. మోర్స్ 350 లోపు ఓట్ల తేడాతో పదవి పోగొట్టుకున్నారు. సెప్టెంబరులో, ఏ ఎన్నికా లేని సమయంలో, పనిగట్టుకుని వచ్చి ఓటేసేవాళ్లు ఎవరు? గరాజ్‌లో పెద్దాయన లాంటివాళ్లు.

అలాంటి పట్టుదల రెండోవైపు కూడా పుట్టగలదని చూపించింది మన లూసీ మెక్‌బాత్. 2012లో ఫ్లోరిడాలో పెట్రోలు బంకు దగ్గర కార్లో పాట సౌండు ఎక్కువుందన్న గొడవలో ఒకడు కాల్చితే ఆమె పదిహేడేళ్ల కొడుకు చనిపోయాడు. 2018లో ఆరో జిల్లాలో ఒక శాతం తేడాతో, మూడువేల చిల్లర ఓట్లతో, ఎన్‌ఆర్‌ఏ బలపరిచిన అభ్యర్థిని ఓడించారు. జిల్లా గీతలు మార్చేస్తే గ్వినెట్ వైపు వెళ్లి 2022లో అక్కడి ప్రైమరీ గెలిచారు. ఆ ప్రైమరీ రోజు మే 24. యువాల్డీ రోజే. ఆ రాత్రి ఆమె గెలుపు సభలో మాట్లాడింది గెలుపు గురించి కాదు.

మనవాళ్లకు ఇది దూరపు గొడవేం కాదు. 2017లో కాన్సస్ ఒలేతాలో బార్లో కూర్చున్న హైదరాబాదు ఇంజనీరును కాల్చి చంపారు. 2023లో డల్లస్ పక్కన ఆలెన్ మాల్‌లో చనిపోయిన ఎనిమిదిమందిలో మన తెలుగమ్మాయి ఉంది. 2024లో ఆపలాచీ హైస్కూల్లో కాల్పులు జరిగింది మన గ్వినెట్ పక్క కౌంటీలోనే. అదే సమయంలో మన వాట్సాప్ గ్రూపుల్లో, బంగారం కోసం ఇళ్లమీద పడుతున్నారని వార్త వచ్చిన వారం, ఏ పిస్తోలు మంచిదని అడిగేవాళ్లూ మనవాళ్లే. కాబట్టి తుపాకీ ఓటరంటే ట్రంప్ అభిమానుల ఎర్రటోపీ పెట్టుకున్న ఎవరో పరాయివాడు అనుకోకండి. అలాంటివాళ్లు ఇద్దరు మా గుళ్లో ప్రతి శనివారం ప్రసాదం వడ్డిస్తారు.

మీ కార్డుల విషయం. ముందు ఆ అభ్యర్థి ఏ పదవికి పోటీ చేస్తున్నాడో చూడండి. కౌంటీ కమిషనర్ అయితే ఆ గ్రేడు దాదాపు అలంకారమే, జార్జియాలో తుపాకుల మీద నిబంధనలు చేసే అధికారం రాష్ట్రానిదే, కౌంటీకి లేదు. రాష్ట్ర శాసనసభకైతే చాలా ముఖ్యం. ఎవరు ఎక్కడ తుపాకీ పెట్టుకు తిరగొచ్చో నిర్ణయించేది వాళ్లు. స్కూల్ బోర్డుకు ఎవరూ గ్రేడులు పంచరు గానీ, 2014 చట్టం ప్రకారం బడి సిబ్బందికి తుపాకులివ్వాలా వద్దా అన్నది జార్జియాలో స్కూల్ బోర్డు చేతిలో ఉంది. పిల్లలున్నవాళ్లు ఆ అభ్యర్థిని ఆ ఒక్క ప్రశ్నా అడిగితే పది కార్డులు చదివినదానికంటే ఎక్కువ తెలుస్తుంది. అభ్యర్థి ఇప్పటికే సభలో ఉంటే గ్రేడు వదిలేసి, రాష్ట్ర శాసనసభ వెబ్‌సైట్లో బిల్లువారీగా ఓట్లు చూడండి, పావుగంట పని.

ఇంకొకటి, మీరు అడగలేదు గానీ కొత్తవాళ్లందరికీ వచ్చే సందేహం. జార్జియాలో ఓటరుగా నమోదయ్యేటప్పుడు పార్టీ చెప్పక్కర్లేదు. మే ప్రైమరీ రోజు పోలింగ్ దగ్గర ఏ పార్టీ బ్యాలట్ కావాలని అడుగుతారు, మీకు ఏ పోటీ ముఖ్యమో ఆ బ్యాలట్ తీసుకోవచ్చు. ఫోర్సైత్‌లో చాలా సీట్లకు అసలు పోటీ రిపబ్లికన్ ప్రైమరీలోనే తేలిపోతుంది, నవంబరు నాటికి మిగిలేది లాంఛనమే. మీరు ఎవరికి ఓటేశారో ఎవరికీ తెలియదు. కానీ ఏ పార్టీ బ్యాలట్ తీసుకున్నారో పబ్లిక్ రికార్డు, ఆ జాబితా లాబీలు తీసుకుంటాయి. నేను ఒకసారి రిపబ్లికన్ బ్యాలట్ తీసుకున్నాను, మా ఆవిడ డెమొక్రటిక్ తీసుకుంది. అప్పటినుంచి ఒకే మెయిల్‌బాక్సులో ఒకే అభ్యర్థిని పొగుడుతూ నాకో కార్డు, తిడుతూ ఆవిడకో కార్డు వస్తున్నాయి.